బోదకాలు తగ్గిందని ఏ లెక్క చూసి చెప్పాలి?

సుధీర్_పబ్లిక్‌హెల్త్

అందరికీ నమస్తే. బోదకాలు నిర్మూలన కార్యక్రమం ఎంతవరకు పనిచేసిందో అంచనా వేయమని మా కోర్సులో ఒక అభ్యాసం ఇచ్చారు. జిల్లా కల్పితం, అంకెలు కూడా క్లాసు కోసం తయారుచేసినవే. తల మాత్రం నిజంగానే తిరుగుతోంది.

జనాభా 10 లక్షలు. ఏడాదికోసారి డీఈసీ, ఆల్బెండజోల్ అనే పురుగుల మందు మాత్రలు అందరికీ పంచారు. అలా ఆరు రౌండ్లు. ప్రతి ఏడాదీ కవరేజీ 84 శాతం అని నివేదికలో ఉంది. ఆ తర్వాత రాత్రి రక్తపరీక్షలు చేశారు. మొదటి నుంచీ గమనిస్తున్న సెంటినల్ ఊళ్లో మైక్రోఫైలేరియా (రక్తంలో తిరిగే బోదకాలు పిల్లపురుగులు) ఉన్నవాళ్లు 0.6 శాతం, కొత్తగా ఎంచుకున్న స్పాట్ చెక్ ఊళ్లో 1.8 శాతం. సగటు తీస్తే 1.2. దీన్ని పురోగతి అనాలా, కాదా? 65 శాతం కవరేజీ చాలని పుస్తకంలో ఉంది. 84 వచ్చాక కూడా పురుగు ఎలా మిగిలింది?

ఇంకో సందేహం. 2000లో ప్రపంచ కార్యక్రమం మొదలైనప్పుడు 12 కోట్ల మందికి పైగా ఇన్ఫెక్షన్ ఉండేదంటారు. 2018 నాటికి అది 5.1 కోట్లకు వచ్చిందనీ, 74 శాతం తగ్గుదల అనీ అంటారు. నా కాలిక్యులేటర్ 57 దాటడం లేదు.

లెక్కలపంతులు

సుధీర్, నీ కాలిక్యులేటర్ బాగానే ఉంది. 12 కోట్లు అన్నది 1990లలో వేసిన అంచనా. 74 శాతం వచ్చింది వేరే చోట నుంచి. 2020లో వచ్చిన ఒక గణాంక నమూనా 2000 సంవత్సరానికి 19.9 కోట్లు, 2018కి 5.1 కోట్లు అని లెక్కగట్టింది. 19.9 నుంచి 5.1కి దిగితే 74 శాతం. ఒకే వ్యాసంలో పై పేరాలో 12 కోట్లు, కింది పేరాలో 74 శాతం రాసేస్తుంటారు. రెండూ విడివిడిగా సరైనవే, ఒకదాని పక్కన ఒకటి పెట్టకూడదు. అసలు అవి ఇల్లిల్లూ తిరిగి ఎంచిన తలలు కావు, అంచనాలు. మొదలు ఎక్కడో తేలకుండా ఎంత తగ్గిందో చెప్పలేం.

ఇక 84 శాతం సంగతి. దేనిలో 84? అర్హులలోనా, మొత్తం జనాభాలోనా? రెండేళ్లలోపు పిల్లలకూ, గర్భిణులకూ, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లకూ ఈ మందు ఇవ్వరు. వాళ్లను తీసేస్తే అర్హులు 8.5 లక్షలు అనుకుందాం. అందులో 84 శాతం అంటే 7.14 లక్షలు. మొత్తం జనాభాలో చూస్తే 71 శాతం చిల్లర. పుస్తకం చెప్పే 65 శాతం మొత్తం జనాభాకు సంబంధించినది.

ఇంకా అయిపోలేదు. అది అందినవాళ్ల లెక్కా, మింగినవాళ్ల లెక్కా? అందుకున్నవాళ్లలో ఐదుగురికి నలుగురే మింగారనుకో. 7.14 లక్షలు కాస్తా 5.7 లక్షలవుతుంది. 57 శాతం. అదే జిల్లా, అదే మందు. 84 నుంచి 57కి వచ్చాం, ఎవరూ అబద్ధం రాయకుండానే.

పాతరిజిస్టరు

ఎవరూ అబద్ధం రాయకుండా అన్నారు చూడండి పంతులు గారూ, అక్కడ కొంచెం నవ్వొచ్చింది.

చాలా ఏళ్లు మాత్రలు పంచే పనిలో ఉన్నాను. ఊరి పేరు, ఆఫీసు పేరు వద్దు లెండి. మా ఎదుటే మింగించాలని శిక్షణలో చెబుతారు. తలుపు కొట్టేది పగలు. ఇంట్లో ఉండేది ముసలివాళ్లు, పిల్లలు, ఆడవాళ్లు. పనికి వెళ్లిన మగవాళ్ల వాటా మాత్రలు ఇంట్లో పెట్టి వస్తాం. రాత్రికి వేసుకుంటారని రిజిస్టరులో టిక్కు. సగం చోట్ల ఆ పొట్లం ఏడాది తర్వాత అదే గూట్లో ఉంటుంది.

ఇంకొకటి. డీఈసీ వేసుకున్నాక కొందరికి జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు, వాంతులు వస్తాయి. రక్తంలో పిల్లపురుగులు చచ్చేటప్పుడు శరీరం చూపించే ప్రతిచర్య అది. పురుగులు ఎంత ఎక్కువుంటే బాధ అంత ఎక్కువ. అంటే మందు ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే ఎక్కువ బాధపడతారు, మరుసటి ఏడాది వాళ్లే తలుపు తీయరు. ముందే చెప్పి, రెండు రోజులు అందుబాటులో ఉంటే ఒప్పుకుంటారు. కానీ పంచడం అయిపోగానే జట్టు పక్క ఊరికి వెళ్లిపోతుంది. ఆ రెండు రోజులకు ఏ నివేదికలోనూ గడి ఉండదు.

సందేహాలరాజు

అందరూ జనం మింగలేదనే అంటున్నారు. మందే పనిచేయడం మానేసిందేమో ఎవరైనా చూశారా? ఆరేళ్లు ఒకే మందు వాడితే పురుగు మొండికెయ్యదా? ప్రతి వైఫల్యానికీ జనాన్ని అనడం నాకు నచ్చదు.

డా_వాణి

రాజు గారూ, అడగాల్సిన ప్రశ్నే. పశువుల పొట్టలో ఉండే నులిపురుగులు ఆల్బెండజోల్ కుటుంబం మందులకూ, ఐవర్‌మెక్టిన్‌కూ లొంగకుండా పోవడం చాలా దేశాల్లో చూశారు. కాబట్టి భయం ఊహ కాదు. కానీ ఆ నిర్ణయానికి వచ్చేముందు తేల్చాల్సిన సంగతి ఒకటుంది: పురుగు మిగిలిన మనిషి మందు మింగాడా? పాజిటివ్ వచ్చిన ప్రతి ఒక్కరినీ "గత రౌండులో వేసుకున్నారా, అంతకుముందు ఎప్పుడైనా వేసుకున్నారా" అని అడిగితే చాలా వరకు తేలిపోతుంది. మన ఎదుటే మింగి, ఏడాది తర్వాత కూడా రక్తంలో అంతే పిల్లపురుగులు కనిపిస్తే, అప్పుడు మందును అనుమానిద్దాం.

పెద్ద పురుగులు లింఫ్ నాళాల్లో గూడు కట్టుకుని సుమారు 6 నుంచి 8 ఏళ్లు బతుకుతాయి. ఆ కాలమంతా లక్షల సంఖ్యలో పిల్లపురుగులను రక్తంలోకి వదులుతాయి. మన మందులు పిల్లపురుగులను బాగా చంపుతాయి, పెద్దవాటిని అంత బాగా చంపలేవు. డీఈసీ కొన్ని పెద్ద పురుగులను చంపుతుంది, అన్నింటినీ కాదు. అందుకే కనీసం ఐదేళ్లు వరుసగా ఇవ్వమంటారు. పెద్ద పురుగు కాటికి పోయేదాకా దాని సంతానం దోమకు చేరకుండా చూడటం, అంతే.

2017 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ కొన్ని పరిస్థితుల్లో ఐవర్‌మెక్టిన్, డీఈసీ, ఆల్బెండజోల్ మూడూ కలిపి ఇవ్వమంటోంది. రెండు మందుల కంటే ఇది పిల్లపురుగులను చాలా ఎక్కువ కాలం రానివ్వదు. అయితే అన్నిచోట్లా ఇవ్వలేం. ఆంకోసెర్కియాసిస్ (చూపు పోగొట్టగల ఇంకో పురుగు జబ్బు) ఉన్న ప్రాంతాల్లో డీఈసీ ఇస్తే కంటికి కూడా ప్రమాదం. లోవా లోవా పురుగు రక్తంలో విపరీతంగా ఉన్నవాళ్లకు ఐవర్‌మెక్టిన్ ప్రాణం మీదికి తేవచ్చు. మధ్య ఆఫ్రికాలో కార్యక్రమం వెనుకబడటానికి ఇది ఒక పెద్ద కారణం. అక్కడి కవరేజీని వేరే ఖండంతో పోల్చి "నిర్లక్ష్యం" అని రాసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

లెక్కలపంతులు

వాణి గారు చెప్పిన "ఎప్పుడైనా వేసుకున్నారా" అన్న ప్రశ్న దగ్గర ఆగుతాను. నా దృష్టిలో ఈ మొత్తం మదింపులో అతి ముఖ్యమైన అంకె అదే, చాలా నివేదికల్లో లేనిది కూడా అదే.

ఏటా 70 శాతం మంది మింగుతున్నారనుకో. ఆ మిగిలిన 30 శాతం ప్రతి ఏడాదీ వేర్వేరు మనుషులైతే, ఐదేళ్లలో ఒక్కసారి కూడా మింగనివాళ్లు ఎంతమంది? 0.3ను ఐదుసార్లు గుణించు. 0.24 శాతం. 10 లక్షల జనాభాలో 2,430 మంది.

ఆ 30 శాతం ప్రతి ఏడాదీ అవే మనుషులైతే? 3 లక్షల మంది.

రెండు జిల్లాల నివేదికా ఒకేలా ఉంటుంది: 70, 70, 70, 70, 70. మొదటిదాంట్లో వ్యాధి పోతుంది. రెండోదాంట్లో 3 లక్షల మంది రక్తం దోమలకు తెరిచి ఉంది. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది, ఎక్కడో తెలియాలంటే పంపిణీ అయ్యాక వేరే జట్టుతో ఇంటింటి సర్వే చేయించి అడగాలి. పంచినవాళ్ల రిజిస్టరు చూస్తే తెలియదు.

సుధీర్, నీ అభ్యాసంలో ఈ అంకె ఇచ్చారా?

సుధీర్_పబ్లిక్‌హెల్త్

లేదండీ. కవరేజీ సర్వే చేయలేదని ఒక్క లైను ఉంది, అంతే. అదేదో వదిలేయొచ్చు అనుకున్నాను.

పాతరిజిస్టరు

ఆ ఒక్క లైనే ఎగ్జామినర్ నీకోసం పెట్టిన గుంట, బాబూ.

దోమలదొర

కీటకశాస్త్రం వైపు నుంచి నేనూ రెండు మాటలు. అందరూ మనిషి గురించే మాట్లాడుతున్నారు, మోసుకెళ్లేది దోమ.

మొదట ఆ సగటు సంగతి. 0.6, 1.8 కలిపి 1.2 చేయకు సుధీర్. తర్వాతి దశకు వెళ్లాలంటే పరీక్షించిన ప్రతి చోటా మైక్రోఫైలేరియా 1 శాతం లోపు ఉండాలి. ఒకచోట తక్కువ వచ్చిందని ఇంకోచోటి ఎక్కువను కొట్టేయలేం. పైగా సెంటినల్ ఊరికి ఏళ్ల తరబడి జట్లు వచ్చిపోతుంటాయి, జనానికి మందు అలవాటవుతుంది. ఆ ఊరు మిగతా జిల్లాలా ఉండదు. అందుకే ప్రతిసారీ కొత్త ఊళ్లో స్పాట్ చెక్ పెట్టారు. 1.8 వచ్చిందంటే ఆ ఏర్పాటు పనిచేసిందన్నమాట. ఇలా దాటితే ఇంకో రెండు రౌండ్లు పంచి మళ్లీ పరీక్షించాలి.

రక్తం ఎప్పుడు తీశారో కూడా చూడు. చాలా ప్రాంతాల్లో పిల్లపురుగులు రాత్రి పది నుంచి రెండు మధ్య ఎక్కువగా ఒంటి పైపొర రక్తంలోకి వస్తాయి, పగలు ఊపిరితిత్తుల నాళాల్లో దాక్కుంటాయి. పగలు రక్తపూత తీస్తే సున్నా వస్తుంది. ఎంతో చక్కని పురోగతి! పసిఫిక్ దీవుల్లో పగలు కుట్టే దోమలకు తగ్గట్టు అక్కడి పురుగు పగలు కూడా తిరుగుతుంది, అది వేరే కథ.

ఆ మైక్రోఫైలేరియా గడప దాటాక ట్రాన్స్‌మిషన్ అసెస్‌మెంట్ సర్వే, అందరూ టాస్ అంటారు. 6, 7 ఏళ్ల పిల్లలకు యాంటీజెన్ పరీక్ష, అంటే పురుగు వదిలే పదార్థం రక్తంలో ఉందేమో చూసే పరీక్ష చేస్తారు. వాళ్లు మందులు పంచుతున్న కాలంలో పుట్టినవాళ్లు. వాళ్లలో పురుగు ఉందంటే వ్యాప్తి ఈమధ్య కూడా జరిగినట్టే. గడప దోమను బట్టి మారుతుంది: క్యూలెక్స్, అనాఫిలిస్ మోసే చోట 2 శాతం, ఏడిస్ మోసే చోట 1 శాతం. రక్తంలో పిల్లపురుగులు చాలా తక్కువ ఉన్నా ఏడిస్ వాటిని పట్టుకుని పెంచగలదు కాబట్టి అక్కడ గీత కిందికి గీశారు.

సందేహాలరాజు

అయితే టాస్ పాసైతే గొడవ లేదు కదా. ఇంత చర్చ ఎందుకు?

దోమలదొర

పసిఫిక్ దీవుల్లోని అమెరికన్ సమోవా సంగతి వినండి రాజు గారూ. 2000 నుంచి 2006 దాకా ఏడు రౌండ్లు పంచారు. 2011-12లో టాస్ పాస్. 2015లో మళ్లీ పాస్. 2016లో మూడోసారి చేస్తే ఫెయిల్. 2018లో మూడు మందుల పంపిణీ మళ్లీ మొదటి నుంచి.

మధ్యలో ఏమైంది? పిల్లల్లో లేకపోయినా పెద్దవాళ్లలో, కొన్ని గుంపుల్లో ఇన్ఫెక్షన్ మిగిలే ఉందని ఆ ఏళ్లలోనే పరిశోధకులు చెప్పారు. టాస్ యూనిట్ 20 లక్షల జనాభా దాకా ఉండొచ్చు. అంతటికీ కలిపి ఒక 1,500-1,700 మంది పిల్లలను పరీక్షించి, పాజిటివ్‌లు 18 లేదా 20 దాటకపోతే పాస్ అంటారు (దోమనూ జనాభానూ బట్టి ఇది మారుతుంది). ఇప్పుడు ఆ యూనిట్లో 15 పాజిటివ్‌లు వచ్చాయనుకోండి, పదిహేనూ పక్కపక్కనున్న రెండు బడుల నుంచే. రూలు ప్రకారం పాస్. ఆ రెండు బడులున్న చోట వ్యాధి హాయిగా తిరుగుతోంది.

అందుకే పాస్, ఫెయిల్ అన్న ఒక్క ముక్క చూసి వదిలేయకుండా పాజిటివ్‌లను మ్యాపులో పెట్టమంటాను. వీలైతే దోమలను కూడా పట్టి, గుంపులు గుంపులుగా నూరి, పురుగు డీఎన్‌ఏ ఉందేమో చూడాలి. దోమలో డీఎన్‌ఏ ఉంటే ఆ చుట్టుపక్కల ఎవరి రక్తంలోనో పిల్లపురుగులున్నట్టు. దోమ ఎవరి ఇంటి తలుపూ కొట్టదు, సిగ్గుపడి రక్తం ఇవ్వనని అనదు.

కాలిబరువు

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. మందు, దోమ, పిల్లలు, యాంటీజెన్. అన్నీ కొత్తగా రాకుండా చూసే లెక్కలే. మరి వచ్చేసినవాళ్లం?

నాకు కాలు వాచి చాలా ఏళ్లయింది. నా రక్తంలో ఇప్పుడు పురుగు లేదు, పరీక్ష నెగటివ్. అంటే మీ నివేదికలో నేను విజయం. చెప్పుల్లో పట్టని కాలితో విజయం.

కాలు కడుక్కోవడం, తడి లేకుండా తుడుచుకోవడం, వేళ్ల సందులు రోజూ చూసుకోవడం, పైకెత్తి పెట్టుకోవడం నేర్పాక జ్వరంతో వచ్చే పోట్లు బాగా తగ్గాయి. అంతకుముందు పోటు వచ్చిందంటే మంచం మీదే, పని లేదు, కూలి లేదు. వాపు పూర్తిగా పోలేదు, పోదు కూడా అన్నారు. అయినా నా బతుకు మారింది ఆ బకెట్ నీళ్లతో, సబ్బుతో. ఏ శాతంలో వస్తుంది ఇది?

డా_వాణి

మీరు రాసింది బాగుంది, ధన్యవాదాలు అండీ. కార్యక్రమం మొదలైనప్పుడు వికృతి వచ్చినవాళ్లు సుమారు 4 కోట్ల మంది అని అంచనా: వరిబీజంతో 2.5 కోట్ల మంది మగవాళ్లు, కాళ్లూ చేతులూ వాచినవాళ్లు 1.5 కోట్లు. ప్రపంచ కార్యక్రమంలో వాళ్ల సంరక్షణ రెండో స్తంభంగా మొదటి నుంచీ ఉంది. దేశం "నిర్మూలించాం" అని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు కోరుతూ దస్తావేజులు పంపేటప్పుడు, వ్యాధి తెలిసిన ప్రాంతాల్లో రోగులు ఎంతమంది, వాళ్లకు సంరక్షణ ఎక్కడ దొరుకుతుంది, అది ఎలాంటి సంరక్షణ అన్నది కూడా చూపించాలి. కాగితం మీద ఉంది. డబ్బు మాత్రం మాత్రల వైపే పోతుంది, ఎందుకంటే మాత్రలను ఎంచడం సులువు.

సుధీర్, రోగుల జాబితాలో ఒక చిక్కుంది, గుర్తుపెట్టుకో. ఇంటింటికీ వెళ్లి వెతకడం మొదలుపెట్టిన ఏడాది జాబితా ఒక్కసారిగా పెరుగుతుంది. దాచుకున్న వరిబీజాలు అప్పుడే బయటపడతాయి. గ్రాఫ్ చూసినవాళ్లు జబ్బు పెరిగిందనుకుంటారు. జబ్బు పెరగలేదు, వెతకడం మెరుగైంది. కాబట్టి రోగుల సంఖ్య ఒక్కటే కాకుండా, వాళ్లలో ఎంతమందికి కాలి సంరక్షణ నేర్పారు, వరిబీజం ఆపరేషన్ ఎంతమందికి అయింది, ఇంకా ఎంతమంది ఎదురుచూస్తున్నారు, ఏడాదిలో జ్వరం పోట్లు ఎన్నిసార్లు వచ్చాయి అని అడుగు. "కాలిబరువు" గారి బకెట్ నీళ్లు ఆ చివరి అంకెలో కనిపిస్తాయి.

నిశాంత్_77

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. టోగో 2017లోనే, శ్రీలంక 2016లోనే గుర్తింపు తెచ్చుకున్నాయి. బంగ్లాదేశ్‌కు 2023లో వచ్చింది, బ్రెజిల్‌కు 2024లో. అక్కడ పురుగు ఒక్కటి కూడా లేదనేగా?

లెక్కలపంతులు

కాదు. వాళ్లకు వచ్చింది ప్రజారోగ్య సమస్యగా తొలగిందన్న గుర్తింపు. సున్నా అన్న హామీ కాదు. వ్యాప్తి తనంతట తాను కొనసాగలేనంత తక్కువకు దిగిందని, నిఘా కొనసాగాలని దాని ఉద్దేశం.

సున్నా కోసం పోయేది గినియా పురుగు కార్యక్రమం. 1986లో ఏటా సుమారు 35 లక్షల కేసులు, 2023లో ప్రపంచమంతా కలిపి మనుషుల్లో 14. అక్కడ మందూ లేదు, టీకా లేదు. పురుగు ఒంట్లోంచి బయటికి వస్తూ కంటికి కనిపిస్తుంది కాబట్టి ఒక్కో కేసునూ ఎంచగలిగారు. అయినా కుక్కల్లో తేలేసరికి లెక్క మళ్లీ సాగింది. బోదకాలు పురుగు ఏళ్ల తరబడి ఏ లక్షణమూ లేని మనిషిలో కూర్చుంటుంది. దీన్ని ఆ పద్ధతిలో ఎంచలేం. ఆ కొలబద్ద తెచ్చి ఇక్కడ పెట్టకూడదు.

చైనా దారి వేరు. మాత్రలతో పాటు డీఈసీ కలిపిన ఉప్పును చాలా చోట్ల వాడారు, 2007లో నిర్మూలన ప్రకటించారు. ఉప్పైతే తలుపు కొట్టే పనిలేదు, రిజిస్టరు లేదు. ఎవరు తప్పించుకున్నారన్న ప్రశ్నే చాలావరకు పోతుంది. మళ్లీ నా పాత పాటకే వచ్చాను, సరే.

సుధీర్_పబ్లిక్‌హెల్త్

అందరి మాటలూ కలిపి ఇలా రాద్దామనుకుంటున్నాను. పంపిణీ ఆపే దశకు జిల్లా ఇంకా రాలేదు, స్పాట్ చెక్ ఊరు 1 శాతం దాటింది కాబట్టి రెండు రౌండ్లు అదనం. 84 శాతాన్ని అలాగే తీసుకోను, పంపిణీ అయ్యాక వేరే జట్టుతో సర్వే అడుగుతాను, అందులో "ఎప్పుడైనా మింగారా" తప్పనిసరి. 1.8 వచ్చిన ఊళ్లో పాజిటివ్‌లు ఎవరో, ఆడా మగా, వయసు, మింగారా లేదా చూస్తాను. రోగుల సంరక్షణకు వేరే పట్టిక. వ్యాధి ముందు ఎంత ఉండేదో అభ్యాసంలో ఇవ్వలేదు కాబట్టి "ఇంత శాతం తగ్గింది" అన్న వాక్యం అసలు రాయను.

ఏమైనా మిగిలిందా?

పాతరిజిస్టరు

ఆ రెండు అదనపు రౌండ్లూ పాత పద్ధతిలోనే పంచితే మళ్లీ అదే 57 శాతం. సాయంత్రం పూట, పని జరిగే చోట పంచాలని కూడా రాయి. మగవాళ్లు దొరికేది అక్కడే. జట్టు రెండు రోజులు ఊళ్లో ఉండాలనీ రాయి.

సందేహాలరాజు

మింగి కూడా పాజిటివ్ వచ్చినవాళ్లుంటే విడిగా చూపించు. నా అనుమానం ఇంకా పోలేదు.

డా_వాణి

అది న్యాయమే. వాళ్లకు మన ఎదుటే మందు ఇచ్చి, తర్వాత మళ్లీ రాత్రి రక్తం చూడాలని సిఫార్సు చెయ్యి.

దోమలదొర

తర్వాత టాస్ దశకు వెళ్తే యాంటీజెన్ స్ట్రిప్ గురించి ఒక లైను చేర్చు. పది నిమిషాలకు చదవాలి. బడిలో పిల్లలు వరుసగా వస్తుంటే స్ట్రిప్పులు బల్ల మీద పేరుకుపోతాయి, అరగంటకు చూస్తే నెగటివ్ మీద కూడా సన్నని గీత కనిపించొచ్చు. ఒక్కో స్ట్రిప్ మీద రక్తం వేసిన టైము పెన్సిల్‌తో రాయించు, చదివే మనిషిని వేరుగా పెట్టు. పాజిటివ్ వచ్చిందంటే అప్పుడే ఇంకో స్ట్రిప్‌తో మళ్లీ చూడాలి, పిల్లాడు ఇంటికి వెళ్లిపోకముందే.